మొనాస్టర్‌బాయిస్ రాతి సిలువను వానలోంచి లోపలికి తేవాలా, అక్కడే ఉండనివ్వాలా?

షానన్‌తీరం

ఐర్లాండ్ వచ్చి ఆరేళ్ళయింది. మొన్న రెండు రోజులు సెలవు దొరికితే రెండు పాత మఠాలు చూసొచ్చాను. అప్పటినుంచి ఒక ప్రశ్న మనసులో తిరుగుతూనే ఉంది. మీరంతా ఏమంటారో తెలుసుకుందామని ఇక్కడ రాస్తున్నాను.

శనివారం క్లాన్‌మక్‌నాయిస్ వెళ్ళాను. షానన్ నది ఒడ్డున 6వ శతాబ్దంలో కియరాన్ అనే సాధువు పెట్టిన మఠం అది. గడ్డిలో, కప్పులేని చర్చిల మధ్య రాతి సిలువలు నిలబడి ఉంటాయి. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, అవి నకళ్ళు. అసలువి 1990ల మొదట్లో పక్కనే ఉన్న సందర్శకుల భవనంలోకి మార్చారు. రెండు సిలువలు, మూడోదానిలో మిగిలిన కంబం ముక్క. వాటిలో గొప్పది లేఖనాల సిలువ. దాదాపు 4 మీటర్ల ఇసుకరాయి, నాలుగు వైపులా బైబిల్ ఘట్టాలు చెక్కి ఉన్నాయి. కింది భాగంలో పాత ఐరిష్‌లో శాసనం: రాజు ఫ్లాన్ కోసం, ఈ సిలువ చేయించిన కోల్మాన్ కోసం ప్రార్థించండి అని. ఫ్లాన్ 916లో చనిపోయాడు. అంటే ఈ రాయికి సుమారు 1100 ఏళ్ళు. ఇప్పుడది మసక గదిలో, పైనుంచి పడే దీపాల వెలుగులో ఉంది. ప్రతి బొమ్మా బాగా కనిపించింది, కాదనను. కానీ అక్కడ నాకు ప్రార్థన గుర్తు రాలేదు. ఏదో ప్రదర్శన చూస్తున్నట్టే ఉంది.

ఆదివారం మొనాస్టర్‌బాయిస్ వెళ్ళాను. ద్రోహెడా ఊరికి దగ్గర. అక్కడ అసలు సిలువలు ఇంకా శ్మశానంలోనే, ఆరుబయట ఉన్నాయి. చుట్టూ కొత్త సమాధులు. ఈ మధ్యే పెట్టిన పూలు వాడిపోయి ఉన్నాయి. పడమటి సిలువ దాదాపు 7 మీటర్లు, ఐర్లాండ్‌లో అన్నిటికంటే ఎత్తైనది. దానికంటే పొట్టిది, పేరున్నది మురెదాక్ సిలువ, దాదాపు 5.5 మీటర్లు. దాని పాదం దగ్గర రెండు పిల్లుల బొమ్మలు, వాటితో కలిసి ఒక శాసనం: ఈ సిలువ చేయించిన మురెదాక్ కోసం ప్రార్థించండి. 923లో చనిపోయిన ఇక్కడి మఠాధిపతే ఈ మురెదాక్ అని ఎక్కువమంది అంటారు.

నేను వెళ్ళింది సాయంత్రం. పడమటి ముఖం మీద యేసు సిలువ మరణం చెక్కి ఉంది. దిగే ఎండ ఏటవాలుగా పడుతుంటే ఆ బొమ్మలు రాయిలోంచి బయటికి వస్తున్నట్టు అనిపించింది. తూర్పు ముఖం మీద తుది తీర్పు ఉంటుంది, దానికి పొద్దుటి ఎండ. ఇది చెక్కినవాళ్ళకు తెలియకుండా జరిగిందని నేను అనుకోను.

ఈ సిలువను కూడా లోపలికి మార్చి బయట నకలు పెట్టాలనే మాట అక్కడ వినిపిస్తూ ఉంటుంది. నా మట్టుకు నేను వద్దంటాను. మీరేమంటారు?

పాతరాళ్ళు

నేను హైదరాబాదులో పురావస్తు శాస్త్రం చదువుతున్నాను. అన్నా, మీ అనుభవం అర్థమైంది. కానీ ఈ విషయంలో నాకు అనుమానమే లేదు, లోపలికి తేవాలి. ఆలస్యం చేసినకొద్దీ లోపలికి తెచ్చేది ఖాళీ రాయే అవుతుంది.

ఇసుకరాయి అంటే ఇసుక గింజలు అతుక్కుని గట్టిపడిన రాయి. వాననీళ్ళు గింజల మధ్యకు దిగుతాయి. చలికి ఆ నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఒక్క రాత్రికి ఏమీ కాదు. వెయ్యి చలికాలాలు లెక్కపెట్టండి. దానికి తోడు నాచు, లైకెన్లు (రాయి మీద మచ్చల్లా పెరిగేవి), గాలిలోని ఆమ్లాలు, ఎండకు ఆరినప్పుడు లోపల గట్టిపడే ఉప్పు.

ఉదాహరణ చెప్తాను. 8వ శతాబ్దం నాటి రెండు సిలువలు ఉన్నాయి, అక్కాచెల్లెళ్ళ లాంటివి. ఒకటి ఉత్తర ఇంగ్లండ్‌లో బ్యూకాజిల్ చర్చి ఆవరణలో, ఒకటి దక్షిణ స్కాట్లాండ్‌లో రూత్‌వెల్ చర్చి లోపల. రెండింటి మీదా రూనిక్ లిపిలో, అంటే ఉత్తర ఐరోపావాళ్ళ పాత లిపిలో, రాతలున్నాయి. బ్యూకాజిల్‌ది చెక్కినప్పటినుంచీ బయటే నిలబడి ఉంది. దాని మీది పెద్ద శాసనం ఎంత అరిగిపోయిందంటే, ఒక్కో పండితుడు ఒక్కోలా చదివాడు. ఏది అక్షరమో, ఏది రాయి పగులో తేలడం లేదు. రూత్‌వెల్‌ది ముక్కలైనా సరే, దాని మీద ఒక పాత ఇంగ్లీషు కవితలోని పాదాలు ఇప్పటికీ చదవగలుగుతున్నాం. క్రీస్తును మోసిన సిలువే నోరు విప్పి తన బాధ చెప్పుకునే కవిత అది. 1840లో కెంబుల్ అనే పండితుడు ఆ అక్షరాలను సరిగ్గా చదివి అర్థం చెప్పాడు. అవి అరిగిపోయి ఉంటే ఆ గొంతు రాతి మీద మనకు వినపడేదే కాదు.

సాయంత్రపు ఎండ అందంగా ఉంటుంది. కానీ ఆ ఎండ, ఆ వానే రాయిని తినేస్తున్నాయి.

బేతేలు వీధి

మాది గుంటూరు. టీచర్‌ని. నేను శాస్త్రం మాట్లాడలేను, విశ్వాసిగా ఒక మాట చెప్తాను.

ఆ శాసనంలో ఏముంది? ఇది ఫలానా వాళ్ళ గొప్పతనం అని లేదు. ఫలానా వాడి కోసం ప్రార్థన చేయండి అని ఉంది. అది దారిన పోయేవాళ్ళను అడిగిన మాట. వెయ్యేళ్ళుగా ఆ సమాధుల తోటకి తమవాళ్ళను పాతిపెట్టడానికి వచ్చిన ప్రతి కుటుంబం దాని ముందు నుంచే నడిచింది. మ్యూజియంలో టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు ఫొటో తీసుకుంటారు. ఎవరు ప్రార్థన చేస్తారు?

మా దగ్గర నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. రాత్రిపూట తోటంతా దీపాలే. మా నాయనమ్మ సమాధి మీది పేరు ఎన్నిసార్లు సున్నం కింద పూడిపోయిందో, అన్నిసార్లూ మా నాన్నగారు మేకుతో గీకి నల్లరంగు దిద్దేవారు. ఆ రాయిని ఎవరైనా జాగ్రత్త కోసం అని ఎత్తుకెళ్ళి గదిలో పెడితే, అక్కడ మిగిలేది ఏంటి? సమాధి ఒకచోట, పేరు ఒకచోట.

షానన్‌తీరం తమ్ముడు చెప్పిందే నా మాట కూడా. అక్కడే ఉండనివ్వండి.

క్లైడ్ఒడ్డు

గ్లాస్గోలో ఉంటాను. రూత్‌వెల్ రెండుసార్లు చూశాను కాబట్టి పాతరాళ్ళు గారు చెప్పినదానికి ఒక సవరణ.

ఆ సిలువ ముక్కలైంది వానకు కాదు. 1640లో స్కాట్లాండ్ చర్చి మహాసభ విగ్రహాల్లాంటివి ఉండకూడదని తీర్మానించింది, 1642లో దాన్ని పడగొట్టి ముక్కలు చేశారు. అప్పుడది చర్చి లోపలే ఉంది. కప్పు ఉండటం దానికి ఏమీ అడ్డం రాలేదు. తర్వాత హెన్రీ డంకన్ అనే పాదిరి ముక్కలన్నీ ఏరి, 1823లో తన ఇంటి తోటలో మళ్ళీ నిలబెట్టాడు. ఈయన పేరు ఇంకో విషయంలోనూ వింటారు. పేదలు చిల్లర డబ్బులు దాచుకోవడానికి 1810లో అదే ఊళ్ళో పొదుపు బ్యాంకు పెట్టింది ఈయనే. 1887లో ఆ సిలువను చర్చిలోకి తీసుకెళ్ళారు. అంత ఎత్తు కప్పు కింద పట్టదని నేలలో గొయ్యి తవ్వి అందులో దింపారు. ఇప్పుడు మనం గట్టు మీద నిలబడి చూస్తే దాని నడుము మన కళ్ళకు ఎదురుగా ఉంటుంది. పాదాలు చూడాలంటే గోతిలోకి తొంగి చూడాలి.

కాబట్టి లోపల అంటే భద్రం, బయట అంటే నాశనం అని గీత గీయలేం. మనుషుల చేతిలో పోయినవి వానకు పోయినవాటికంటే తక్కువేం కాదు. ఇంతకీ నేను ఏ పక్షమో ఇంకా తేల్చుకోలేదు.

ఉలిదెబ్బ

అందరికీ నమస్కారం. మాది ఆళ్ళగడ్డ. మా తాత, మా నాయన, నేను, అందరిదీ శిల్పాల పనే. మేము చెక్కేది దేవుళ్ళను, ఎక్కువగా నల్లరాయిలో. సిలువ ఎప్పుడూ చెక్కలేదు. మా అబ్బాయి ఈ చర్చ చూపించి ఫొటోలు పెద్దవి చేసి పెడితే రెండు గంటలు చూశాను. పనివాడిగా నాకు కనపడింది చెప్తాను.

ఆ సిలువ తల చుట్టూ ఒక వలయం ఉంది కదా, దాని కింద నాలుగు మూలలా ఖాళీలు. ఆ కంబం, చేతులు, వలయం అన్నీ ఒకే రాయి అని విన్నాను, పైన టోపీ రాయి మాత్రమే వేరుగా పెట్టారట. ఆ నాలుగు ఖాళీలు తొలిచేటప్పుడు చెక్కేవాడు గుండె గుప్పెట్లో పెట్టుకుని ఉంటాడు. అప్పటికే ఎన్నో నెలల పని అయిపోయి ఉంటుంది. ఒక్క దెబ్బ అడ్డంగా పడితే చేయి విరిగి కిందపడేది. రాయి గురించి బాగా తెలిసినవాడు, చేయి వణకనివాడు చేసిన పని అది.

రెండో సంగతి. ఇసుకరాయికి పొరలుంటాయి, పుస్తకంలో కాగితాల మాదిరి. గోడ కట్టేటప్పుడు రాయి గనిలో ఎట్లా పడుకుని ఉందో గోడలోనూ అట్లాగే పడుకోబెట్టాలని పెద్దవాళ్ళు చెప్తారు. అట్లాగైతే పై బరువు పొరలను అదిమి పడుతుంది. కానీ ఇంత పొడుగు రాయి ఒక్క ముక్కగా కావాలంటే గనిలో పొరల వెంబడే తీయాల్సి వస్తుంది. నిలబెట్టాక పొరలు నిలువుగా వస్తాయి. నీళ్ళు పైనుంచి నేరుగా పొరల మధ్యకు దిగుతాయి. ఇట్లాంటి రాయి కొంచెం కొంచెంగా అరగదు. ఏళ్ళ తరబడి ఏమీ కానట్టు ఉండి, ఒక చలికాలం తర్వాత చెయ్యంత పెచ్చు ఊడి కింద పడుతుంది. ఆ పెచ్చు మీద ఒక మొహం ఉంటే మొహం పోయినట్టే. ఆ సిలువ రాయి పొర ఎటు ఉందో దగ్గరుండి చూస్తే గానీ చెప్పలేను. కానీ వెయ్యేళ్ళు ఆగింది కదా, ఇంకో వంద ఏళ్ళు ఆగదా అనే లెక్క మాత్రం ఇసుకరాయి దగ్గర పనికిరాదు.

మూడోది కొంచెం మనసులోది. మురెదాక్ చేయించాడు అని రాశారు. చేయించినవాడి కోసం ప్రార్థించమన్నారు. చేసినవాడి పేరు ఎక్కడుంది? లేదు. వాడు వదిలి వెళ్ళింది వాడి ఉలి గీతలే. ఆ గీతలే వాడి సంతకం. అవి పోతే వాడు పూర్తిగా పోయినట్టు. టీచరమ్మ గారూ, మీరు చెప్పిన ప్రార్థన నాకు అర్థమైంది. నేను అడుగుతున్నది ఆ పేరు లేనివాడి కోసం. లోపలికి తీసుకురండి.

షానన్‌తీరం

అన్నగారూ, పొరల సంగతి నాకు అసలు తెలియదు. చదివాక కాస్త టెన్షన్ పట్టుకుంది, ఒప్పుకుంటాను. ఆ రోజు నేను చూసినప్పుడు మనుషుల జుట్టు, మీసాలు, బట్టల అంచులు కూడా తెలుస్తున్నాయి. ఇంత బాగున్నప్పుడు కదపడం ఎందుకు అనుకున్నాను. మీరు చెప్పేదాని ప్రకారం బాగున్నట్టు కనపడటమే మోసమన్నమాట.

అయినా నాకు ఒకటి తీరడం లేదు. క్లాన్‌మక్‌నాయిస్‌లో బయట ఉన్న నకలు ముందు నేను ఆగలేదు. నకలు అని తెలియగానే కాళ్ళు ముందుకు పోయాయి. నాలాగే అందరూ. లోపల ఉన్నది చోటు పోగొట్టుకుంది, బయట ఉన్నదానికి ప్రాణం లేదు. ఒక సిలువను కాపాడబోయి రెండు సగం సిలువలు చేసినట్టు లేదా?

క్లైడ్ఒడ్డు

ఉలిదెబ్బ అన్నగారి మూడో మాట చదివి ఒక రాయి గుర్తొచ్చింది. ఐర్లాండ్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య మాన్ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడ సుమారు 200 పాత సిలువ రాళ్ళున్నాయి. 10వ శతాబ్దంలో అక్కడ స్థిరపడ్డ నార్స్ వాళ్ళలో, అంటే స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ళలో, గౌట్ అనే శిల్పి ఒకడు. కిర్క్ మైఖేల్ ఊళ్ళోని సిలువ మీద రూనిక్ అక్షరాల్లో రాసుకున్నాడు: గౌట్ చేశాడు ఇది, మాన్‌లో ఉన్నవన్నీ. అన్నీ నేనే చేశాను అని రాతి మీద చెక్కుకున్న శిల్పి పేరు వెయ్యేళ్ళ తర్వాత మనం తెలుగులో చదువుతున్నాం.

ఈ ద్వీపంవాళ్ళు చేసిన పని మన చర్చకు పనికొస్తుంది. రాళ్ళను రాజధాని మ్యూజియానికి తరలించలేదు. చాలావాటిని ఏ ఊరివి ఆ ఊరి చర్చిలోనో, ఆవరణలోనే కట్టిన చిన్న కప్పు కిందో పెట్టారు. వాన తగలదు, ఊరు దాటలేదు. ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్ళు వాటి పక్క నుంచే నడుస్తారు. కాకపోతే మొనాస్టర్‌బాయిస్‌లో ఉన్న రెండు పాత చర్చిలకూ కప్పు లేదు. అక్కడ ఇది అంత సులువు కాదు.

ఎగ్మూరు

చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి, రిటైరయ్యాను. ఇంటికి దగ్గరే ప్రభుత్వ మ్యూజియం. వారానికోసారి వెళ్ళి అమరావతి శిల్పాల ముందు కూర్చుని వస్తాను. కాబట్టి చోటు మారిన రాళ్ళ సంగతి నాకు కొంచెం తెలుసు.

1797లో కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ మొదటిసారి అమరావతి వెళ్ళేసరికే స్తూపం పలకలను జనం తీసుకెళ్ళి వాడుకుంటున్నారు. సున్నపురాయి కదా, కాల్చి సున్నం చేసుకున్నారు కూడా. 1816లో ఆయన మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న పలకలు కొన్ని ఈరోజు ఎక్కడా లేవు, కాగితం మీదే ఉన్నాయి. 1845లో ఎలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసు తెచ్చిన పలకలు ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండన్ పోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి. ఉన్నచోట ఉండి ఉంటే ఏమయ్యేవో నాకు తెలుసు. అయినా అమరావతి వెళ్ళి ఆ ఖాళీ దిబ్బ చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. రెండూ నిజమే. అందుకని ఈ చర్చలో ఎవరినీ తప్పు అనలేకపోతున్నాను.

ఇంకొకటి. రాతి సిలువలు అంటే ఐర్లాండ్ దాకా పోనక్కర్లేదు. మా ఊళ్ళో పరంగిమలై ఉంది, సెయింట్ థామస్ మౌంట్. 1547లో పోర్చుగీసువాళ్ళు కొండ మీద చర్చి పనులు చేస్తుంటే నేలలో ఒక రాతి పలక దొరికింది. మధ్యలో సిలువ, పైన పావురం, చుట్టూ పహ్లవీ లిపిలో శాసనం. అంటే పాత పర్షియా భాష. మురెదాక్ సిలువకు దగ్గర కాలందే, ఇంకాస్త పాతదే కావచ్చు. ఇట్లాంటివే కేరళలో కొట్టాయం వలియపళ్ళిలోనూ, ఇంకొన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి. పరంగిమలై పలకను బలిపీఠం వెనక గోడలో పెట్టారు. దానికి చెమట పట్టేదని భక్తులు చెప్పుకునేవారు. ఈరోజుకీ జనం దాని ముందు మోకరిస్తారు. టీచరమ్మా, గదిలో పెడితే ప్రార్థన పోతుంది అన్నారు. ఆ గది చర్చి అయితే పోదు. ఇది నేను కళ్ళారా చూస్తున్నాను.

పాతరాళ్ళు

ఎగ్మూరు మావయ్యగారూ, పరంగిమలై గుర్తు చేసినందుకు చాలా థాంక్స్. ఆ శాసనం అర్థం మీద పండితుల్లో ఇప్పటికీ వాదన ఉంది. కానీ వాదించుకోవడానికి అక్షరాలైనా మిగిలాయి.

మీరు అమరావతి అన్నారు, నేను నాగార్జునకొండ అంటాను. డ్యామ్ నీళ్ళలో లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదికి మార్చి మళ్ళీ కట్టారు. ఇప్పుడది చుట్టూ నీళ్ళున్న ద్వీపం. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చారు. ఆ గుడిలో ఇప్పుడు పూజ ఆగిందా? లేదు. మనవాళ్ళు చోటు మార్చి కూడా ప్రాణం నిలబెట్టారు. సిలువకు ఎందుకు సాధ్యం కాదు?

షానన్‌తీరం అన్న అడిగిన సగం సిలువల ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. అది నిజమైన నష్టమే. కానీ ఆ నష్టాన్ని కావాలంటే తిరగతిప్పొచ్చు. ఎప్పుడో మంచి ఉపాయం దొరికితే సిలువను మళ్ళీ బయట పెట్టొచ్చు. ఊడిన పెచ్చును ఎవరూ తిరిగి అతికించలేరు. నేను ఎటు మొగ్గుతున్నానో చెప్పేది ఈ ఒక్క తేడాయే.

బేతేలు వీధి

నాగార్జునకొండ, కూడలి పోలిక నాకు సరిపడలేదు. అక్కడ నీళ్ళు వచ్చేస్తున్నాయి, వేరే దారి లేదు. ఇక్కడ ఊరు ఉంది, తోట ఉంది, సమాధులున్నాయి, మనుషులు ఇంకా వస్తున్నారు. అన్నీ ఉండగా సిలువను మాత్రం తీసుకుపోతామంటున్నారు.

పరంగిమలై మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. నా మాట కొంచెం మార్చుకుంటాను. గది అయితే పర్వాలేదు, అది ప్రార్థన గది అయితే. అదే సమాధుల తోటలో అయితే. టికెట్ లేకుండా అయితే. ఈ మూడూ లేకపోతే నాది పాత మాటే.

ఉలిదెబ్బ అన్నయ్యగారూ, పేరు లేనివాడి గురించి మీరు రాసింది రాత్రి పడుకునే ముందు మళ్ళీ చదివాను. మురెదాక్‌తో పాటు ఆయన కోసం కూడా ప్రార్థన చేశాను.

క్లైడ్ఒడ్డు

ఇంతవరకూ పక్షం తేల్చుకోలేదన్నాను. ఇప్పుడు రెండు చోట్ల సంగతి చెప్పి నా మాట చెప్తాను.

ఒకటి అబర్‌లెమ్నో, తూర్పు స్కాట్లాండ్‌లో చిన్న ఊరు. చర్చి ఆవరణలో పిక్ట్ జాతివాళ్ళు చెక్కిన సిలువ పలక ఒకటి ఉంది. ఒకవైపు సిలువ, ఇంకోవైపు గుర్రాల మీద యుద్ధం. రోడ్డు పక్కన ఇంకొన్ని రాళ్ళున్నాయి. అన్నీ బయటే. చలికాలం వస్తే మాత్రం వాటి మీద చెక్క పెట్టెలు బోర్లిస్తారు, ఎండలు వచ్చాక తీస్తారు. ఊరివాళ్ళకు అదొక అలవాటు అయిపోయింది. రాయికి ఎక్కువ దెబ్బ తగిలేది చలికాలంలోనే కాబట్టి ఇది ఉపయోగమైన పనే. 7 మీటర్ల సిలువకు పెట్టె చేయడం కష్టం కావచ్చు, 5.5 మీటర్లకు చేయొచ్చు.

రెండోది పడమటి స్కాట్లాండ్‌లోని అయోనా ద్వీపం. అక్కడ సెయింట్ మార్టిన్ సిలువ 8వ శతాబ్దంలో ఎక్కడ నిలబెట్టారో ఈరోజుకీ అక్కడే ఉంది. గట్టి రాయి, ఒకే ముక్క. దానికి దగ్గర్లోనే సెయింట్ జాన్ సిలువ. అది చాలా ముక్కలు అతికించి చేసింది, చేతులు రెండు మీటర్లకు పైగా చాచి ఉంటాయి. సముద్రపు గాలికి పదేపదే పడిపోయింది. 1951లో పడింది, 1957లో మళ్ళీ పడింది. చివరికి అసలు ముక్కలను మ్యూజియంలోకి తీసుకెళ్ళి, 1970లో అదే చోట కాంక్రీటు నకలు నిలబెట్టారు.

షానన్‌తీరం గారూ, మీరు నకలుకు ప్రాణం లేదన్నారు. నేను అయోనాలో చూసింది వేరు. ఆ కాంక్రీటు సిలువకు ఇప్పుడు 50 ఏళ్ళు దాటాయి. లైకెన్లు పట్టాయి, రంగు మారింది. సాయంత్రం దాని నీడ కొలంబా సాధువు సమాధి మందిరం వైపు పడుతుంటే యాత్రికులు అక్కడే నిలబడి కళ్ళు మూసుకుంటున్నారు. చాలామందికి నకలు అని తెలుసు. తెలిసే నిలబడ్డారు. ప్రాణం అనేది రాయిలో ఉంటుందా, దాని చుట్టూ మనుషులు గడిపిన కాలంలో ఉంటుందా అని నాకు అప్పుడు అనిపించింది.

నా మాట ఇది. సెయింట్ మార్టిన్ సిలువలాగా రాయి గట్టిదైతే ఉన్నచోటే ఉండాలి. మురెదాక్ సిలువలాగా ఇసుకరాయి అయితే ముందు చలికాలం కప్పు వేయాలి, పొరలను పరీక్ష చేయించాలి. పగులు కనపడితే ఆ రోజే లోపలికి. అన్ని సిలువలకూ ఒకే నియమం పెట్టడమే తప్పు.

ఉలిదెబ్బ

క్లైడ్ఒడ్డు గారు చెప్పినదానిలో సగానికి సరే అంటాను. రాయిని బట్టి నిర్ణయం, ఇది పనివాడి మాట. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా కాదంటాను. నకలు పోత పోయడం.

మా దగ్గర గుళ్ళో మూలవిరాట్టు భిన్నమైతే పూజకు పనికిరాదు. పాత విగ్రహాన్ని నీళ్ళలో వదిలి, కొత్తది చెక్కి ప్రతిష్ఠ చేస్తాం. జీర్ణోద్ధరణ అంటే అదే. కొత్తదాన్ని ఎవరూ నకలు అనరు. ఎందుకంటే మళ్ళీ ఒక మనిషి రాయి ముందు కూర్చుని, అవే కొలతలు పట్టి, మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ వరకు చెక్కాడు. అచ్చులో కాంక్రీటు పోసినప్పుడు ఆ కూర్చోవడం లేదు. షానన్‌తీరం తమ్ముడి కాళ్ళు ఎందుకు ముందుకు పోయాయో నాకు తెలుసు.

వాళ్ళు అసలు సిలువను లోపల పెట్టేట్టయితే, బయట పెట్టేది అదే రకం రాయిలో, చేత్తో చెక్కించాలి. అక్కడ పనివాళ్ళు ఉంటారు. నేర్చుకునే పిల్లలు ఉంటారు. ఆ నాలుగు ఖాళీలు తొలిచే రోజు వాళ్ళ గుండెలూ గుప్పెట్లోకి రావాలి. పూర్తయ్యాక వాళ్ళ పేర్లు కూడా కింద చెక్కాలి. ఈసారైనా.

టీచరమ్మ గారూ, ఆయన కోసం ప్రార్థించానన్నారు. మా ఆవిడకు చదివి వినిపించాను.

ఎగ్మూరు

ఉలిదెబ్బ గారి మాటకు ఒక చిన్న జోడింపు. మెకంజీ గీయించిన బొమ్మల సంగతి చెప్పాను కదా. 1900 ప్రాంతంలో డబ్లిన్ మ్యూజియంవాళ్ళు ఈ పెద్ద సిలువలకు ప్లాస్టర్ అచ్చులు తీసి పెట్టారు. అప్పట్లో జనానికి చూపించడానికి చేశారు. ఇప్పుడు అవి నూరేళ్ళ కిందటి రాయికి సాక్ష్యం. ఆ అచ్చునూ, ఈనాటి సిలువనూ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఈ నూరేళ్ళలో ఎంత పోయిందో తేలుతుంది. మనం ఇక్కడ ఊహించుకుంటున్న విషయానికి కొలత అక్కడ ఉంది. పాతరాళ్ళు అబ్బాయీ, నువ్వు చదువుకునే రోజుల్లో ఇలాంటి పని ఒకటి పెట్టుకో.

పాతరాళ్ళు

తప్పకుండా మావయ్యగారూ. నిజానికి కొలత లేకుండా ఇంత గట్టిగా మాట్లాడటం నాదే పొరపాటు. లోపలికి తేవాలనే ఇప్పటికీ అంటాను. ఎంత తొందరగా అనేది మాత్రం కొలిచాకే చెప్తాను.

ఉలిదెబ్బ

షానన్‌తీరం తమ్ముడూ, ఒక పని చేసిపెడతావా? మళ్ళీ వెళ్తే చీకటిపడే వేళకు వెళ్ళు. టార్చిలైటు రాయికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, రాయికి ఆనుకున్నట్టు పెట్టి ఫొటో తియ్యి. అప్పుడు ఎంత లోతు మిగిలిందో నీడ చెప్తుంది. అక్షరాల దగ్గర ఒకటి, పక్క ముఖం అంచు దగ్గర ఒకటి. పొర ఎటు ఉందో ఆ అంచు చూస్తే తెలుస్తుంది.

షానన్‌తీరం

నిన్న శనివారం వెళ్ళొచ్చాను అన్నగారూ. మధ్యాహ్నం వాన పడింది, సాయంత్రానికి తెరిపిచ్చింది. శ్మశానంలో నేను కాక ఇంకొక పెద్దావిడ మాత్రమే ఉన్నారు, ఒక కొత్త సమాధి దగ్గర పూలు మారుస్తూ.

మీరు చెప్పినట్టే లైటు పక్కనుంచి పెట్టాను. పగలు చూసినప్పుడు గీతల్లా ఉన్నవి అక్షరాలయ్యాయి. పాత ఐరిష్ నాకు రాదు, కానీ ఆ పేరు ఎలా ఉంటుందో ముందే రాసుకుని వెళ్ళాను. మురెదాక్ అన్నది వేలితో గాల్లో గీసుకుంటూ మొదటి నుంచి చివరి వరకు చదవగలిగాను. తాకలేదు. రెండు పిల్లులూ కనపడ్డాయి.

లైటు చూసి ఆ పెద్దావిడ దగ్గరికొచ్చి ఏం చేస్తున్నావని అడిగారు. చెప్పాను. ఆవిడ అక్కడే నిలబడి శాసనం వైపు చూసి, పెదాలు కదుపుతూ ఏదో ప్రార్థన చేసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

పక్క ముఖం అంచు ఫొటోలు నాలుగు తీశాను. ఉత్తరం వైపు కింద ఒకచోట జుట్టంత సన్నటి గీత ఉంది, నిలువుగా. అది పొరో, పగులో, లైకెన్ అంచో నాకు తెలియడం లేదు. ఫొటోలు మీకు పంపాను. పెద్దవి చేసి చూసి చెప్పండి అన్నగారూ.